చెంతోవిచ్ నాజీ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జర్మన్ సినిమా ‘షాఖ్‌నొవెల్లె’ మీద వచ్చిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాసిన వ్యాసమే. గొడవంతా దాని పక్కన వేసిన ఫొటో దగ్గర. దాని కింద ‘నాజీ చాంపియన్ చెంతోవిచ్‌తో బార్టోక్ పోరు’ అని వేశారు. అది చూడగానే చిర్రెత్తుకొచ్చింది. ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ జ్వైగ్ రాసిన మూల కథలో చెంతోవిచ్ నాజీ కాదు, నాజీల మనిషీ కాదు. వచ్చే వారం రెండు లైన్ల సవరణ వేయండి, చాలు. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అంటారేమో. ఆ లైను రాసినవాళ్లని నేను పెద్దగా తప్పు పట్టను. సినిమా చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. అసలు తగాదా సినిమాతోనే.

నేను విమర్శకుణ్ణి కాను. చదరంగం టోర్నమెంట్లలో చాలా ఏళ్లు రిఫరీగా, అంటే ఆర్బిటర్‌గా ఉన్నవాణ్ణి. ఇద్దరు ఆడుతుంటే పక్కన నోరు మూసుకుని నిలబడటం మా పని. వాళ్లలో ఎవరు సంస్కారవంతుడు, ఎవరు మొరటువాడు అన్నది మాకు అనవసరం. ఎవరి గడియారం నడుస్తోంది, ఎవరు ఏ పావు ముట్టుకున్నారు, ఎవరు ఎవర్ని ఇబ్బంది పెడుతున్నారు అన్నదే చూస్తాం. ఈ కథనీ ఆ కంటితోనే చదివాను. ఉత్తరం నిడివి ఎక్కువైతే ఎక్కడైనా కత్తిరించుకోండి, చెంతోవిచ్ చిన్నతనం గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

సినిమా చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1938 మార్చి, వియన్నా. 11వ తేదీ సాయంత్రం ఆస్ట్రియా చాన్సలర్ షుష్‌నిగ్ రాజీనామా చేశాడు, మర్నాడే జర్మన్ సైన్యం సరిహద్దు దాటింది. జోసెఫ్ బార్టోక్ అనే నోటరీకి పెద్ద కుటుంబాలవాళ్ల రహస్య ఖాతాల వివరాలు తెలుసు. నాజీల రహస్య పోలీసులు, అంటే గెస్టపోకి అవి కావాలి. అందుకని అతన్ని జైల్లో వేయరు, హోటల్ మెట్రోపోల్‌లో ఒక గదిలో ఒంటరిగా పెట్టి తాళం వేస్తారు. ఈ హోటల్ కల్పన కాదు. 1873 ప్రపంచ ప్రదర్శనకి వచ్చే అతిథుల కోసం కట్టారు. 1938 ఏప్రిల్‌లో గెస్టపో దాన్ని తన వియన్నా కేంద్రంగా చేసుకుంది. రాజీనామా చేసిన షుష్‌నిగ్‌నీ, బ్యాంకర్ లూయీ రోత్‌షీల్డ్‌నీ నిజంగానే అక్కడ బంధించారు. 1945 మార్చిలో బాంబులు పడి భవనం పోయింది, ఇప్పుడు ఆ చోట, మోర్జిన్‌ప్లాట్స్‌లో ఒక స్మారకం ఉంది. కథలోకి వస్తే, ఆ గదిలో మతి చలించిపోకుండా ఖైదీని కాపాడింది దొంగిలించిన ఒక చదరంగం పుస్తకం. తర్వాత ఓడ ప్రయాణం, ఓడలో ప్రపంచ చాంపియన్ చెంతోవిచ్‌తో ఆట.

దర్శకుడు ఫిలిప్ స్టోల్జ్. బార్టోక్‌గా ఒలివర్ మసూచి. ఈయన 2015లో ఒక వ్యంగ్య చిత్రంలో హిట్లర్ వేషం వేశాడు. అదే మనిషి ఇక్కడ హిట్లర్ పోలీసుల చేతిలో చిక్కి, మొదట్లో దర్జాగా జోకులు వేసేవాడు రానురాను మాట కూడదీసుకోలేని స్థితికి దిగిపోతుంటే చూడటం కష్టంగానే ఉంటుంది. నటన గురించి మీ వ్యాసకర్త రాసిన ప్రతి మాటకీ నాదీ అదే మాట.

ఇక అసలు సంగతి. బార్టోక్‌ని విచారించే గెస్టపో అధికారి బోమ్‌గానూ, ఓడలో ఎదురయ్యే చెంతోవిచ్‌గానూ వేసింది ఒకే నటుడు, ఆల్బ్రెష్ట్ షూఖ్. 2020లో జర్మన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడు, ఉత్తమ సహాయ నటుడు బహుమతులు రెండూ ఒకేసారి పట్టుకెళ్లినవాడు, రెండు వేషాలు ఆయనకో లెక్క కాదు. మీ వ్యాసకర్త దీన్ని ‘దర్శకుడి మాస్టర్ స్ట్రోక్’ అన్నాడు. నాకు మాత్రం ఇది పేదవాడి మీద వేసిన నింద లాగా కనిపించింది.

జ్వైగ్ కథలో చెంతోవిచ్ ఎవరో చూడండి. తండ్రి దాన్యూబ్ నది మీద చిన్న పడవ నడుపుకునే కటిక పేదవాడు. ఒక రాత్రి ధాన్యం స్టీమరు గుద్దేసి పడవతో పాటు అతనూ పోయాడు. పన్నెండేళ్ల మిర్కోని ఊరి చర్చి ఫాదర్ జాలిపడి ఇంట్లో పెట్టుకున్నాడు. చదువు చెప్పబోతే ఒక్క ముక్క ఎక్కలేదు. పద్నాలుగేళ్లు వచ్చినా వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడమే. మొండివాడని అనడానికీ లేదు. నీళ్లు తెమ్మంటే తెస్తాడు, కట్టెలు కొట్టమంటే కొడతాడు, పొలం పని చేస్తాడు, వంటిల్లు తుడుస్తాడు. పని అయ్యాక గదిలో ఒక మూల కూర్చుని శూన్యంలోకి చూస్తుంటాడు, ఇంకో పని చెప్పేదాకా కదలడు. రోజూ సాయంత్రం ఫాదరూ ఊరి పోలీసు సార్జెంటూ మూడు ఆటలు చదరంగం ఆడతారు. కుర్రాడు పక్కనే కూర్చుని, కళ్లు సగం మూసుకుని, నిద్రపోతున్నాడో చూస్తున్నాడో తెలియకుండా బోర్డు వైపు తల వాల్చి ఉంటాడు. ఒక శీతాకాలం రాత్రి ఆట మధ్యలో ఒక రైతు పరుగెత్తుకొచ్చాడు, వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉంది, ఫాదర్ వెంటనే రావాలని. ఫాదర్ వెళ్లిపోయాడు. సార్జెంటు బీరు ఇంకా అయిపోలేదు. పైపు వెలిగించుకుని బయల్దేరబోతూ చూస్తే కుర్రాడు బోర్డు మీంచి కళ్లు తిప్పడం లేదు. ‘ఏరా, మిగతా ఆట నువ్వాడతావా?’ అన్నాడు వేళాకోళంగా. పద్నాలుగు ఎత్తుల్లో సార్జెంటు ఓడిపోయాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ ఓడిపోయాడు.

ఫాదర్ తిరిగొచ్చి విన్నాక కుర్రాణ్ణి మెచ్చుకున్న తీరు కూడా చూడండి. బైబిల్లో బిలాము గాడిద మాట్లాడిన కథ గుర్తుచేసుకున్నాడు. గాడిదే మాట్లాడింది, వీడు ఆడాడు, అంతే సంగతి. తర్వాత పక్క టౌన్లో చదరంగం ఆడేవాళ్లుండే కఫేకి తీసుకెళ్లారు. మొదటి ఆట ఓడిపోయాడు, ఎందుకంటే సిసిలియన్ ఓపెనింగ్ అనే ఆరంభపు ఎత్తుల వరస ఫాదర్ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. రెండోది అక్కడి మంచి ఆటగాడితో డ్రా. మూడో ఆట నుంచి వరసపెట్టి అందర్నీ కొట్టాడు. పద్దెనిమిదేళ్లకి హంగరీ చాంపియన్, ఇరవైకి ప్రపంచ చాంపియన్.

పిల్లలకి చదరంగం నేర్పే ఎవరినైనా అడగండి, ఈ కుర్రాణ్ణి గుర్తుపడతారు. క్లాసులో వెనక బెంచీ, ప్రశ్న అడిగితే నేల చూపులు, బోర్డు ముందు కూర్చోబెట్టగానే వెన్ను నిటారుగా అవుతుంది. అలాంటి పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో ఎవరూ గెస్టపోలో చేరే రకం కాదు. సినిమా ఈ చిన్నతనం జోలికే పోదు. పోతే ఆ ముఖం ఈ మనిషికి అతకదని దర్శకుడికే తెలిసిపోయేది.

కథ చెప్పే ఆస్ట్రియన్ పెద్దమనిషికి చెంతోవిచ్ అంటే చిన్నచూపే, దాన్ని నేను దాచను. జ్వైగ్ వెటకారం కూడా తక్కువేం కాదు. చవక హోటళ్లలో దిగుతాడట, డబ్బిస్తే ఏ క్లబ్బులోనైనా ఆడతాడట, సబ్బు ప్రకటనకి తన ఫొటో ఇచ్చాడట, గలీషియా నుంచి వచ్చిన ఒక పేద విద్యార్థి రాసిన చదరంగం పుస్తకానికి తన పేరు అమ్ముకున్నాడట. ఓడలో ఆట ఆడాలంటే 250 డాలర్లు అడిగాడట. ఇస్తున్నది ఎవరు? కాలిఫోర్నియా చమురులో డబ్బు చేసుకున్న మెకానర్ అనే స్కాట్లండ్ ఇంజినీరు. ఓడిపోవడం అంటే అవమానంగా తీసుకునే మనిషి, 250 అతనికి చిల్లర. సర్జన్ ఆపరేషన్‌కి ఫీజు అడిగితే ఎవరూ ముక్కు విరవరు, ప్లీడర్ అడిగితే విరవరు. చదరంగం ఆటగాడు అడిగేసరికి మాత్రం ‘డబ్బు మనిషి’ అయిపోతాడు.

నిజం చాంపియన్ల సంగతి చెప్తాను. మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్ స్టైనిట్జ్ 1900లో న్యూయార్క్‌లో మానసిక ఆస్పత్రిలో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. 1910లో లాస్కర్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌ని 5–5తో సమం చేసిన వియన్నా మాస్టర్ కార్ల్ ష్లెఖ్టర్ 1918 డిసెంబర్‌లో, యుద్ధకాలపు తిండి కరువుకి చిక్కిశల్యమై బుడాపెస్ట్‌లో చనిపోయాడు. ఇవన్నీ చూసిన లాస్కర్ మాత్రం గట్టిగా నిలబడి ఫీజు అడిగేవాడు. దానికి ఆ రోజుల్లో అందరూ ఆయన్ని అత్యాశపరుడని ఆడిపోసుకున్నారు. 1894 నుంచి 1921 దాకా 27 ఏళ్లు చాంపియన్. జర్మన్ యూదుడు. 1933లో నాజీలు రావడంతో దేశం వదిలాడు, ఆస్తి పోయింది, అరవై దాటిన వయసులో పొట్టకోసం మళ్లీ టోర్నమెంట్లు ఆడాల్సొచ్చింది. అయినా 1935లో మాస్కోలో మూడో స్థానం తెచ్చుకున్నాడు. 1941 జనవరిలో న్యూయార్క్‌లో పోయాడు. ఫీజు అడిగే చాంపియన్ అంటే నాకు గుర్తొచ్చేది ఈయన. నాజీ ముఖం ఎక్కడ అతికించాలా అని వెతుక్కునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

మరి నిజంగా నాజీలతో పేరు కలిసిన చాంపియన్ లేడా అంటే ఉన్నాడు. అలెగ్జాండర్ అలెఖిన్. 1941 మార్చిలో, పారిస్‌లో జర్మన్లు నడిపిన పత్రికలో, ‘ఆర్య చదరంగం, యూదు చదరంగం’ అంటూ యూదు ఆటగాళ్లని కించపరిచే వ్యాసాలు ఆయన పేరుతో వచ్చాయి. తాను అలా రాయలేదని తర్వాత అన్నాడు, ఆ వాదన చదరంగం లోకంలో ఇంకా తెగలేదు. అలెఖిన్ పడవవాడి కొడుకు కాదు. రష్యాలో సంపన్న కుటుంబం, లా చదువు, పేరు ముందు డాక్టర్. అంటే కథలోని వియన్నా లాయరు డాక్టర్ బి. తరగతి మనిషి. అన్నట్టు పుస్తకంలో ఖైదీ పేరు డాక్టర్ బి. అంతే. బార్టోక్ అని పెట్టింది సినిమావాళ్లు, అతనికి అన్నా అనే భార్యనీ వాళ్లే ఇచ్చారు.

ఇంకో తమాషా. ఓడలో మెకానర్ బృందం చెంతోవిచ్‌తో ఆడుతూ, బంటుని చివరి గడికి నెట్టి మంత్రి చేసుకోవాలని ఉబలాటపడుతుంటే, వెనక నుంచి ఒక అపరిచితుడు మెకానర్ చెయ్యి పట్టుకుని ‘వద్దు’ అంటాడు. ఆట డ్రా అవుతుంది. ఆ అపరిచితుడే డాక్టర్ బి. ఇలాంటి స్థితే 1922లో పిష్టియన్ టోర్నమెంట్‌లో అలెఖిన్‌కీ బోగోల్యుబోవ్‌కీ మధ్య వచ్చిందని గడగడా చెప్పేస్తాడు. ఆ టోర్నమెంట్ నిజం, ఆ ఆటా నిజం. గెస్టపో గదిలో డాక్టర్ బి. ప్రాణం నిలబెట్టిన పుస్తకంలో, తర్వాత ఆ గెస్టపో యజమానుల పత్రికలో పేరు వేసుకోబోయే మనిషి ఆట ఉంది. జ్వైగ్ ఈ కథ రాస్తున్నది కూడా సరిగ్గా ఆ 1941లోనే. సినిమాకి రెండు ముఖాల మనిషే కావాలనుకుంటే అలెఖిన్ ఉన్నాడు కదా, చదువురాని చెంతోవిచ్‌ని ఎందుకు పట్టుకున్నారో.

ఇక చివరి మ్యాచ్. నేను ఆర్బిటర్‌గా ఆ ఓడలో ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్తాను.

ఒప్పందం ప్రకారం ఎత్తుకి పది నిమిషాలు గరిష్ఠం. డాక్టర్ బి. ఒక్క ఆటే ఆడతానని ముందే మాట ఇచ్చాడు. అది గెలిచాడు. చెంతోవిచ్ అరవలేదు. ఓటమి ఒప్పుకుని, ‘ఇంకో ఆట ఆడదామా?’ అని మాత్రం అడిగాడు. డాక్టర్ బి. క్షణం ఆలోచించకుండా తలూపి, పావులు తనే సర్దడం మొదలుపెట్టాడు. వేళ్లు వణికి బంటు రెండుసార్లు జారి కింద పడింది. మాట తప్పిందెవరు? రెండో ఆటలో చెంతోవిచ్ కావాలని నింపాదిగా ఆడాడు. అవతలివాడికి ఆలస్యం భరించడం కష్టమని కనిపెట్టేశాడు. ఇది నీచమని కథకుడు సూచిస్తాడు, మీ వ్యాసకర్త ఏకంగా ‘హింస’ అన్నాడు. అయ్యా, ఇచ్చిన సమయం వాడుకోవడం ఆటగాడి హక్కు. 1883 లండన్ టోర్నమెంట్‌లో చదరంగం గడియారం వచ్చిందే దీనికోసం. అంతకుముందు గంటల తరబడి ఆలోచించే మహానుభావులుండేవాళ్లు. సమయానికి హద్దు పెట్టుకున్నాక ఆ హద్దులోపల ఎంతసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు. అవతలివాడు త్వరగా ఆడినప్పుడు ఆలోచనలో పడేయడం, టెన్షన్ పడుతున్నప్పుడు నింపాదిగా ఉండటం, ఇవి ఏ టోర్నమెంట్‌లోనైనా రోజూ చూసేవే.

మరి డాక్టర్ బి.? గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతాడు. లేచి తిరుగుతాడు. ఎదుటివాడి మీద విసుక్కుంటాడు. బల్ల మీద వేళ్లతో దరువేస్తాడు. ‘దయచేసి అలా కొట్టకండి, నాకు ఇబ్బందిగా ఉంది, ఇలాగైతే ఆడలేను’ అంటాడు చెంతోవిచ్. డాక్టర్ బి. నవ్వుతాడు. చివరికి లేని చెక్‌ని ఉన్నట్టు గట్టిగా ప్రకటిస్తాడు. అతని బుర్రలో వేరే ఆట నడుస్తోంది, బోర్డు మీద వేరే ఆట ఉంది. అంతర్జాతీయ చదరంగం సమాఖ్య ఫిడే నియమాల్లో 11.5 అని ఒకటుంది: ఏ రకంగానూ ప్రత్యర్థి ఏకాగ్రత చెడగొట్టకూడదు, విసిగించకూడదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర హెచ్చరిక రాయాల్సొస్తే డాక్టర్ బి. పేరు మీదే రాయాలి. నాకు ఆయనంటే కోపం లేదు. నెలల తరబడి ఒంటరి గదిలో ఉండి, ఆ పుస్తకంలోని నూట యాభై ఆటలూ బట్టీ పట్టి, అవి అయిపోయాక తనతో తానే తెల్లపావులుగా ఒకసారి, నల్లపావులుగా ఒకసారి ఆడుకుని మతి చెదిరిన మనిషి. ఆయన్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది. అంతమాత్రాన ఎదురుగా కూర్చున్నవాడు దోషి కాడు. ఆ గది గురించి చెంతోవిచ్‌కి ఒక్క ముక్క తెలియదు, ఎవరూ చెప్పలేదు కూడా.

లేని చెక్ చెప్పినప్పుడు చెంతోవిచ్ ఏమంటాడంటే, ‘క్షమించండి, నాకు చెక్ కనబడటం లేదు, ఇక్కడున్న పెద్దమనుషుల్లో ఎవరికైనా కనబడుతోందా?’ అని. కాస్త వెటకారం ఉందనుకుందాం. కథకుడు డాక్టర్ బి. చెయ్యి గట్టిగా పట్టుకుని హెచ్చరించాక ఆయన తేరుకుని, క్షమాపణ చెప్పి, ఆట వదిలి వెళ్లిపోతాడు. అప్పుడు చెంతోవిచ్ మధ్యలో ఆగిపోయిన ఆట వైపు ఇంకోసారి చూసి, దాడి అంత తీసిపారేసేది కాదనీ, ఔత్సాహికుడికి ఇది అసాధారణ ప్రతిభేననీ అంటాడు. కథ అక్కడ ఆగిపోతుంది. అన్ని పేజీలూ వెక్కిరించిన రచయిత చివరి మాట అతని నోటికే ఇచ్చాడు. ఆ మాటలో పగ లేదు, గెలిచిన గర్వం కూడా తక్కువే. ఒక వృత్తి ఆటగాడు ఇంకో ఆటగాడి గురించి ఇచ్చిన నిజాయితీ గల అంచనా అది.

చదరంగం విషయంలో జ్వైగ్ అన్నీ సరిగ్గా రాశాడని మాత్రం అనను. కథలో చెంతోవిచ్ లాగా బోర్డు చూడకుండా ఆడలేని ప్రపంచ చాంపియన్ అంటే మావాళ్లు నవ్వుతారు. అదే అలెఖిన్ 1933లో షికాగోలో కళ్లముందు బోర్డు లేకుండా 32 మందితో ఒకేసారి ఆడాడు. జ్వైగ్ ఆట కూడా అంతంతమాత్రమే. బ్రెజిల్‌లోని పెట్రోపోలిస్‌లో ఎర్న్‌స్ట్ ఫెదర్ అనే బెర్లిన్ పాత్రికేయుడు పొరుగున ఉండేవాడు, ఇద్దరూ ప్రవాసులే, సాయంత్రాలు చదరంగం ఆడేవాళ్లు. తను బలమైన ఆటగాడు కాదనీ, అయినా అప్పుడప్పుడు జ్వైగ్‌ని గెలవనివ్వాలంటే కష్టపడాల్సొచ్చేదనీ ఫెదర్ తర్వాత రాశాడు. అలాంటి ఆటగాడు బోర్డు ముందు మనుషులు ఎలా కూర్చుంటారో, ఎలా ఊపిరి తీస్తారో ఇంత బాగా పట్టుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1942 ఫిబ్రవరిలో చనిపోవడానికి ఒకరోజు ముందు ఈ కథ ప్రతులు ప్రచురణకర్తలకి పోస్టు చేశాడు. అదే ఏడాది మొదటిసారి అచ్చయింది బ్యూనస్ ఎయిర్స్‌లో, మూడు వందల ప్రతులు.

సినిమా తరఫున ఒక వాదన ఉంది, దాన్ని పక్కకి నెట్టేస్తే అన్యాయం. స్టోల్జ్ సినిమాలో ఓడ నిజమా, బార్టోక్ బుర్రలో పుట్టిందా అన్న అనుమానం పెరుగుతూ పోతుంది. ముగింపు చెప్పను, చూడనివాళ్లుంటారు. ఓడంతా ఆ గదిలో కూర్చున్న మనిషి ఊహ అయితే, అందులో ఎదురయ్యే ప్రతి శత్రువుకీ విచారణాధికారి ముఖమే ఉంటుంది కదా. చెంతోవిచ్ అనేవాడే లేనప్పుడు అతనికి అన్యాయం ఏమిటి? తెలివైన వాదనే. కానీ దానివల్ల పోయిందేమిటో చూడండి. పుస్తకంలో డాక్టర్ బి. ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత మొదటిసారి ఒక నిజమైన మనిషి ఎదురుగా బోర్డు ముందు కూర్చుంటాడు. గదిలో ఉన్నప్పుడు అవతలి పక్షం కూడా తనే. ఇప్పుడు అవతల ఇంకొకడున్నాడు, తన ఆలోచన తనకి ఉన్నవాడు, నెమ్మదైనవాడు, అర్థంకానివాడు. అయినా డాక్టర్ బి. ఆ మనిషిని చూడలేకపోతాడు. గెస్టపో ఆయనకి చేసిన అసలు నష్టం అదే. సినిమాలో అవతల కూర్చున్నది మళ్లీ ఆయన బుర్రే అయితే ఈ నష్టం కనిపించదు. గది కాస్త పెద్దదై ఓడ అవుతుంది, అంతే.

ఇదే కథని 1960లో గెర్డ్ ఓస్వాల్డ్ తీశాడు. బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ కాలంలో అమెరికా చేరిన మనిషి. అందులో ఖైదీగా కుర్ట్ యుర్గెన్స్, గెస్టపో అధికారిగా హాన్స్‌యోర్గ్ ఫెల్మీ, చెంతోవిచ్‌గా మారియో అడార్ఫ్. సినిమాగా చూస్తే స్టోల్జ్‌దే మేలు, సందేహం లేదు. 1960 సినిమాలో బలవంతంగా ఇరికించిన ప్రేమకథ ఒకటుంది, క్లెయిర్ బ్లూమ్ లాంటి నటి ఉన్నా అది అతకలేదు. కానీ అధికారి వేరు, ఆటగాడు వేరు. నాజీల దెబ్బ తిన్న తరం దర్శకుడికి ఆ రెండు ముఖాలూ కలపాలనిపించలేదు.

మీ వ్యాసకర్త దీనికి జవాబు రాస్తే సంతోషం. ‘మీరు ఆర్బిటర్ కాబట్టి నియమాలే చూస్తున్నారు, ప్రతీకలు మీకు అర్థం కావు’ అంటాడని ముందే ఊహించగలను, మా ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. సరే, ప్రతీకలు పక్కన పెడదాం. మూల కథలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెంతోవిచ్ ఎవరినైనా భయపెట్టాడా, మోసం చేశాడా, ఇచ్చిన మాట తప్పాడా, పది నిమిషాల హద్దు దాటాడా? ఒక్క చోటు చూపించమనండి. చూపిస్తే మీ ఫొటో కింద లైను అలాగే ఉంచేయొచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చదరంగం ఆర్బిటర్